సూన్ అంటే ఎప్పుడు?

"సూన్ అంటే ఎప్పుడండీ?"

శివాజీ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసుకున్నాడు. సాలూరులో అతని లారీ ఆఫీసుకి ఫోన్ చేసి ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న వేసినవాళ్ళు లేరు.

"వచ్చేస్తాదండీ, తొందర్లోనే."

"మీ మెయిల్లో సమ్ బాక్సులు స్లైట్‌గా తడిసాయని రాసినారు. సమ్ అంటే నాలుగా, నలభయ్యా? స్లైట్ అంటే తుడిస్తే పోతాదా, పారబొయ్యాలా?"

అవతల మాట్లాడుతున్నది అనూరాధ. రాయపూర్ నుంచి వచ్చే సబ్బుల లోడు విజయనగరం గోదాములో దించుకునే సూపర్‌వైజరు. ఆ పూట శివాజీ ఘాట్ రోడ్డులో ఉన్న డ్రైవరుకి మూడుసార్లు ఫోన్ చేసి, పధ్నాలుగు పెట్టెలు, అడుగు వరస, సాయంత్రం అయిదున్నర అని తేల్చుకుని మళ్ళీ రాయాల్సి వచ్చింది.

ఇంగ్లీషులో అతనికి నచ్చిన మాటలు అవే మరి. సూన్, సమ్, మేబీ. అంకె చెబితే ఎవరైనా పట్టుకుంటారు. సమ్ అన్నవాణ్ణి ఎవరు పట్టుకుంటారు? లారీల పనిలో ఇది గొప్ప సుఖం.

ఆ సుఖాన్ని అనూరాధ పాడుచేసింది. లారీ నంబరు, ఎక్కడుంది, ఎందుకాగింది, డామేజీ ఎంత, ఎన్నింటికి చేరుతుంది అని అయిదు గళ్ళ రిపోర్టు అలవాటు చేసింది. ఎనిమిది నెలల్లో శివాజీ రిపోర్టు మీద సంతకం కోసం ఆరుసార్లు విజయనగరం వెళ్ళాడు. మెయిల్ పెడితే సరిపోతుందని ఇద్దరికీ తెలుసు. గోదాము రేకుల మీద వాన కురుస్తుంటే, కింద టీ చల్లారిపోయేదాకా నిలబడేవాళ్ళు. మీరు కాస్తా నువ్వు అయింది. అసలు సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

అంతలో అనూరాధకి చెన్నై బదిలీ వచ్చిపడింది. పెద్ద పోస్టు. వస్తుందో రాదో శుక్రవారం సాయంత్రం నాలుగులోగా చెప్పమంది కంపెనీ.

"ఏటి సెయ్యమంటావు?" అని బుధవారం అడిగింది అనూరాధ.

శివాజీ గంటసేపు ఆలోచించి ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాడు. ఇంట్లో సూన్ మాట్లాడతాను, సమ్‌థింగ్ చేద్దాం అని.

పది నిమిషాలకి అదే మెసేజ్ ఎర్రగీతలతో తిరిగొచ్చింది. సూన్ కింద, ఏ రోజు? మాట్లాడతాను కింద, ఎవరితో? సమ్‌థింగ్ కింద రెండు గీతలు. చివర తెలుగులో ఒకే ముక్క: "జవాబు నేకపోతే నాలుగింటికి చెన్నైకి ఎస్ కొట్టేస్తాను."

గురువారం అమ్మ కూర్మమ్మ ముందు నాలుగుసార్లు నోరు తెరిచి, నాలుగుసార్లూ మంచినీళ్ళు అడిగాడు. ఆమె తమ వ్యవసాయదారుల్లోనే సంబంధం చూస్తోంది. అనూరాధ తండ్రి లక్ష్ముడు భోగాపురం తీరంలో చేపల వేటకి వెళ్ళే మనిషి. అమ్మ ఏమంటుందోనని అతని భయం.

శుక్రవారం మధ్యాహ్నం కంచం ముందు ఎలాగో అన్నాడు.

"అమ్మా, ఒకమ్మాయి ఉందిలే."

"ఒకమ్మాయేటిరా? పేరు నేదా, ఊరు నేదా?"

చెప్పాడు. పేరు, ఊరు, లక్ష్ముడు, వేట, అన్నీ. కూర్మమ్మ గరిటె కింద పెట్టింది. శివాజీ కంచంలో చారు చల్లారిపోయింది.

"ఆ పిల్లేటంది?"

"నానింకా అడగనేదమ్మా."

"ఓరి నీ తెలివి తగలెయ్య! దాన్నడక్కుండా నన్నేటి అడుగుతన్నావు? ఆళ్ళు మనోళ్ళు కారు, నాకు బెంగ నేదని సెప్పను. అయినా సూస్తాను ఆ పిల్లని. ఆదివారం పొద్దున్న పదింటికి ఆళ్ళ గుమ్మంలో ఉందుము. ముందు ఆ మాట సెప్పు దానికి!"

గడియారం మూడూ నలభై. బయట వాన. శివాజీకి తెలిసిన తిన్నని ఇంగ్లీషు ఒక్కటే, ఆ అయిదు గళ్ళ రిపోర్టు. దాన్నే తెరిచాడు. లారీ నంబరు దగ్గర తన పేరు. ఎక్కడుంది: సాలూరు, ఫోను ముందు. ఎందుకాగింది: భయం. డామేజీ: స్లైట్. ఎన్నింటికి చేరుతుంది: ఆదివారం ఉదయం పదింటికి, అమ్మతో, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి.

సిగ్నల్ లేదు. గొడుగు కూడా తీసుకోకుండా వీధి చివరిదాకా పరిగెత్తాడు. మూడూ యాభై ఎనిమిదికి రిపోర్టు వెళ్ళింది.

నాలుగైంది. నాలుగూ అయిదైంది. ఎస్ కొట్టేసి ఉంటుంది అనుకున్నాడు.

నాలుగూ పదకొండుకి ఫోన్ మోగింది.

"స్లైట్ అంటే ఎంత?" అంది అనూరాధ.

"మొత్తం. మిగిలిందేటీ నేదు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అనూ, చెన్నైకి ఏటి రాసినావు?"

"మూడున్నరకే రాసినాను. ఎస్ అందామంటే సెయ్యి రానేదు. నో అందామంటే నువ్వేటీ సెప్పనేదు. అందుకని..."

"అందుకని?"

"సూన్ సెప్తానని పెట్టినాను."

శివాజీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"నవ్వకు! ఇప్పుడు నో పెట్టేసినాను, నాలుగూ ఏడుకి. మా నాన్నకీ సెప్పినాను. ముందు కుర్రోడు గుమ్మమెక్కితే మాటాడుదుమన్నాడు. ఆదివారం వేట మానేస్తాడట. పదింటికంటే పదింటికేనా అని అడగమన్నాడు."

"పదింటికే," అన్నాడు శివాజీ, వానలో తడుస్తూ.