చప్పుడు చేయని విల్లు

తాయారమ్మ శవం ఎండుచేపల పందిరి కింద దొరికింది.

దక్షిణ అండమాన్‌లో వండూర్ ఊరి చివర ఇల్లు. పొద్దున్న ఏడు గంటలు. ఎడమ పక్కటెముకల మధ్య బాణం. ఆవిడ చేతిలో ఇంకా తిరగేయని చేప ఒకటి ఉంది.

ఇన్‌స్పెక్టర్ పద్మిని జీపు దిగేసరికే కేసు తేలిపోయింది. కనీసం కానిస్టేబుల్ రాజ్‌కిరణ్ అలాగే అనుకున్నాడు. నేరం ఒప్పుకున్నవాడు దొరికితే పోలీసులకి పండగే కదా!

"మేడమ్, మొగుడు ఒప్పేసుకున్నాడు. దాలయ్య. రిటైర్డ్ ఫారెస్ట్ గార్డు. పక్కా కేస్."

"ఏమన్నాడు?"

"'నానే కొట్టినాను' అన్నాడు. అంతే. మళ్ళీ నోరు విప్పలేదు."

"ఎందుకట?"

"గొడవలు మేడమ్. పక్కింటి నూకరత్నం దీదీ నిన్న సాయంత్రం చెవులారా వింది."

పద్మిని పెరడంతా కలయజూసింది. ఈ చివర బాణం వేసే చోటు. ఆ చివర చెక్క స్టాండు మీద కొబ్బరి పీచు మోపు. అదే టార్గెట్. దాని వెనక తాటాకు తడిక. తడిక వెనక చేపల పందిరి. పక్కన వంటిల్లు. దాని కిటికీ బార్లా తెరిచి ఉంది.

మోపు మధ్యలో బాణాలు గుంపుగా దిగి ఉన్నాయి. ఒక్కటే తప్పింది. అది స్టాండు కాళ్ళ మధ్యనుంచి దూరి, తడిక చీల్చుకుని వెళ్ళింది.

"విల్లేదీ?"

రాజ్‌కిరణ్ చూపించాడు. వెదురు విల్లు. మనిషంత పొడుగు. వంపులూ వయ్యారాలూ లేని పాతకాలపు రకం. తాడుకి పైన ఒకటి, కింద ఒకటి ఎర్ర ఉన్ని కుచ్చులు కట్టి ఉన్నాయి.

"అవి చూశారా? తాడు అదురు చచ్చిపోడానికి. చప్పుడు రాదు. జింకల్ని దొంగతనంగా కొట్టేవాళ్ళ పని. అంటే ముసలాడు ముందే ప్లాన్ చేశాడు మేడమ్."

పద్మిని వంగి విల్లు చూసింది. విల్లు పిడికి కుడి పక్కన చిన్న తోలుముక్క అంటించి ఉంది. బాణం ఒరుసుకుని ఆ తోలు నున్నగా మెరుస్తోంది. ఎడమ పక్కన గీత కూడా లేదు.

శవం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. తాయారమ్మ కొంగు చివర ముడి ఉంది. విప్పితే చుట్ట చుట్టిన ఎర్ర ఉన్ని.

"అమ్మవారి దారం మేడమ్," అన్నాడు రాజ్‌కిరణ్.

"అమ్మవారి దారం ఇలా ఉంగరాలు తిరిగి ఉంటుందా?"

*

నూకరత్నం ఏడుస్తూనే చెప్పింది.

"ఒలమ్మా, ఏటి సెప్పమంతారు! వాళ్ళ కూతురు భానుశ్రీ అరిసింది. 'ఈ విల్లు ఇరిసి పొయ్యిలో ఎట్టేస్తాను' అని. తాయారక్క ఏడిసింది. మరి ఆర్చరీ సెలెక్షన్లు కదా వచ్చే వారం, పోర్ట్‌బ్లెయిర్లో."

"దాలయ్య ఏమన్నాడు?"

"ఆ బాబు ఏటీ అన్నేదు. ఎప్పుడన్నాడు కనక!"

"విల్లంటే పిల్లకి అంత కోపం ఎందుకు?"

"విల్లంటే కాదమ్మా. తాయారక్కకి ఆ సప్పుడు పడదు. సునామీలో హట్‌బేలో వాళ్ళ ఇంటి గుంజలు ఠప్పుమని ఇరిగిపోయినాయి. సంకలో ఉన్న సంటోడు పోయాడు. అప్పుట్నించి ఠప్పుమంటే సాలు, సెవులు మూసుకుని వణికిపోద్ది. ఈ పిల్ల ఆ తరవాత పుట్టింది."

పద్మిని పోర్ట్‌బ్లెయిర్లోని జంగ్లీఘాట్‌లో పుట్టి పెరిగింది. అలాంటి వణుకు వాళ్ళింట్లోనూ ఉంది. లోపలికెళ్ళి తాయారమ్మ ట్రంకుపెట్టె తెరిపించింది. చీరల అడుగున వెతికిన వస్తువు దొరికింది. దాన్ని కవర్లో పెట్టుకుంది.

*

సాయంత్రం మళ్ళీ అదే పెరడు. శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కి తీసుకెళ్ళిపోయారు. దాలయ్యనీ భానుశ్రీనీ పద్మిని అరుగు మీద కూర్చోబెట్టింది.

"దాలయ్యా, నువ్వు ఏ చేత్తో తాడు లాగుతావు?"

"కుడిసేత్తో."

"ఈ విల్లు ఎడమచేతి వాళ్ళది. బాణం కుడి పక్కనే ఒరుసుకుంది. నువ్వు దీంతో కొట్టలేదు."

పద్మిని పిల్ల వైపు తిరిగింది.

"భానూ, నీ ఎడమచెయ్యి చూపించమ్మా."

ఆ పిల్ల చెయ్యి చాపింది. మూడు వేళ్ళ మీద తాడు కోసిన ఎర్రటి గీతలు.

"ఆ పిల్లకేటీ తెల్దు మేడమ్! నానే కొట్టినాను. నన్ను తీసుకుపోండి!" దాలయ్య లేచి రెండు చేతులూ చాపాడు. ఇంట్లో మిగిలింది ఆ ఒక్క పిల్ల. ఆ పిల్ల జైలు మెట్లెక్కకుండా ఉంటే చాలు అతనికి.

"నాన్నా, వద్దు," అంది భానుశ్రీ. "నేనే మేడమ్‌జీ. నేనే."

"కొట్టే ముందు అరిచి చెప్పవా? వెనక ఎవరున్నారో చూడవా?"

"ఎప్పుడూ అరవలేదు. విల్లే చెప్పేది కదా! మొదటి బాణం కావాలని పైకి, మోపు నెత్తికి కొడతాను, తప్పినా పందిరి మీదుగా పోతుందని. చప్పుడు వినగానే అమ్మ వంటింటి కిటికీ మూసుకునేది. మూసిందంటే లోపలున్నట్టు. అప్పుడు మిగతావి కొట్టేదాన్ని."

"ఇవాళ?"

"ఇవాళ చప్పుడు రాలేదు. తాడుకి ఉన్ని ఉంది. నాన్న కట్టాడనుకున్నాను." "బాణం కిందకి పోయింది. కిటికీ చూశాను. తెరిచే ఉంది. అమ్మకి వినపడలేదు, ఇంక అమ్మకి భయం లేదు అనుకున్నాను మేడమ్‌జీ. సంతోషపడ్డాను. నవ్వుకుంటా, గురి బాగా పైకెత్తి మిగతావన్నీ కొట్టాను. తర్వాత... పోయిన బాణం కోసం తడిక వెనక్కి వెళ్ళాను."

రాజ్‌కిరణ్ మొహం తిప్పుకున్నాడు.

పద్మిని దాలయ్య వైపు తిరిగింది. "ఉన్ని నువ్వు కట్టావా?"

"నేదు. పిల్ల కట్టిందనుకున్నాను. మీరు సూస్తే, కావాలనే కట్టిందంతారు, నిన్నటి గొడవ ముడెడతారు అని బయమేసింది."

"చప్పుడు తగ్గించాలని ఎప్పట్నించి చూస్తున్నారు?"

దాలయ్య అప్పుడు మాట్లాడాడు. ఆ ఒక్క సంగతి గురించే గడగడా మాట్లాడగలిగాడు.

"ముందు కొసలు ఒంపు తిరిగిన విల్లు మేడమ్. తాడెళ్ళి ఆ ఒంపుకి కొట్టుకుంటది. ఠప్పుమంటది. ఒద్దని ఈ తిన్నది సేసినాను. దీనికి తాడెక్కడా తగల్దు. తాడుకీ పిడికీ మద్దెన ఎడం ఎంతుంటే సప్పుడు తగ్గుద్దో సూసి సూసి పెట్టినాను. బాణాలు బరువుగా సేసినాను. తేలికైతే విల్లు ఎక్కువ గోల సేస్తది. సేనా తగ్గింది. కొంచెం మిగిలిపోయింది. ఉన్ని కడితే అదీ పోద్దని పిల్ల ఫోన్లో సూపించింది. ఈ దీవుల్లో ఉన్నెక్కడ దొరుకుద్దే అన్నాను."

"ఆ మాట అన్నప్పుడు తాయారమ్మ ఎక్కడుంది?"

దాలయ్య కూతురి వైపు చూశాడు.

"అక్కడే చేపలు తోముతోంది," అంది భానుశ్రీ మెల్లగా.

పద్మిని కవర్లోంచి ఆ వస్తువు తీసింది. పసిపిల్లాడి ఎర్ర ఉన్ని టోపీ. సగం విప్పేసి ఉంది.

"కొత్త ఉన్ని తిన్నగా ఉంటుంది. కుచ్చుల్లో ఉన్నదీ, ఆమె కొంగులో ముడేసుకున్నదీ ఉంగరాలు తిరిగి ఉంది. అంటే ఏదో అల్లిక విప్పారు. ఇది..."

"సంటోడి టోపీ," అన్నాడు దాలయ్య. "వైజాగ్ ఓడెక్కినపుడు సలిగాలని కొన్నాం. ఆడిది మిగిలింది ఇదొక్కటే. నన్ను కూడా ముట్టుకోనిచ్చేది కాదు. అయ్యో తాయారూ! ఇదెందుకు ఇప్పేసినావే!"

ఎందుకో అక్కడ అందరికీ తెలుసు. పిల్ల ఆట మానేస్తానంది. తల్లి పోయిన కొడుకు టోపీ విప్పి, ఉన్న కూతురి విల్లుకి కట్టింది. తెల్లారకముందే కట్టేసి, ఏమీ ఎరగనట్టు చేపలు తిరగేయడానికి వెళ్ళింది. తను భయపడే ఆ చప్పుడే తనని ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చోబెట్టి కాపాడిందని పాపం ఆమెకి తట్టలేదు.

"నేను ఆ ఒక్కటీ పైకే కొట్టాను మేడమ్‌జీ. కిందకెలా పోయింది?"

పద్మిని గోడకి వేలాడుతున్న రెండో విల్లు తెప్పించింది. అదీ దాలయ్య చేసిందే, దానికి జోడీ. కొంగు ముడిలోని ఉన్నితో దాని తాడుకి అలాగే కుచ్చులు కట్టించింది. తడిక వెనక ఎవరూ లేరని తనే వెళ్ళి చూసొచ్చింది.

"నానే కొడతాను," అన్నాడు దాలయ్య. "ఇంకెవరూ ముట్టకండి."

మోపు నెత్తికి గురిపెట్టాడు. వదిలాడు. గాలి కదిలినట్టయింది, అంతే. బాణం స్టాండు కాళ్ళ మధ్య దూరింది.

"కుచ్చుల బరువు," అంది పద్మిని. "తాడు నెమ్మదిస్తుంది. బాణం కిందకి దిగిపోతుంది. పాపం, బాగా వత్తుగా కట్టింది. భానూ, విను. నువ్వు గురి తప్పలేదు. డాక్టర్ చెప్పారు, అమ్మ ఆ క్షణమే పోయింది, బాధ తెలియలేదు. ఇది హత్య కాదు. కోర్టులో కూడా ఇదే చెబుతాను. మీ నాన్నని ఎవరూ తీసుకెళ్ళరు."

ఆ పిల్ల విన్నదో లేదో. టోపీ వంకే చూస్తోంది.

దాలయ్య కుచ్చులు విప్పాడు. ఎవరూ చెప్పకుండానే ఇంకో బాణం సంధించాడు. ఉన్ని లేకపోతే ఎక్కడికి పోయేదో తన కళ్ళతో చూసుకోవాలనుకున్నాడేమో.

ఠప్!

బాణం మోపు నెత్తిన దిగింది.

భానుశ్రీ మెడ దానంతటదే వంటింటి వైపు తిరిగింది. అలవాటు. కిటికీ తెరిచే ఉంది.

దాలయ్య విల్లు కింద పడేశాడు. తడబడుతూ వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి లోపలనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, కిటికీ తలుపు నెమ్మదిగా మూసింది.

ఆ చెయ్యి ఎవరిదో భానుశ్రీకి తెలుసు. అయినా "అమ్మా" అంది.