పంట గడిలో తిప్పసముద్రం

వంక పొంగి కల్వర్టు కొట్టుకుపోయిన ఏడు జరిగింది ఇది.

పంట పోయినవాళ్లకు విత్తనాలు పంచే ఆఫీసు, మదనపల్లెలో. అక్కడ గౌతమ్ పని, కంప్యూటర్లో ఆర్ అనే ప్రోగ్రాంతో లిస్టులు శుభ్రం చేయడం. పుంగనూరు సుమలత ఊరూరూ తిరిగి ఆ లిస్టులు ఫోనులో ఎక్కించేది.

మొదటి రోజే తగువు.

“ఊరూ పంటా ఒకే గడిలో యాల కొట్టినారు మేడమ్?”

“ఒక చేత గొడుగు, ఒక చేత ఫోను. నువ్వొచ్చి గొడుగు పట్టుకోనుంటే రెండు గడుల్లో కొట్టేదాన్ని.”

గౌతమ్ నవ్వు దాచుకున్నాడు.

ఆమె కొట్టింది ‘పీటీఎం టమాటా’ అని. ఆ పక్క అందరూ అనేది అట్లే. గౌతమ్ ముందు పీటీఎం తీసి, ఆ చోట పూర్తి పేరు పెట్టించాడు. పెద్ద తిప్పసముద్రం, రెండు మాటలుగా. తర్వాత ఖాళీ ఉన్నచోటల్లా గడిని చీల్చమన్నాడు. మొదటి ముక్క ఊరు, రెండోది పంట. మూడో ముక్క పారేశానని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. అప్పుడే సుమలత టీకి పిలిచింది. చదవకుండా లేచాడు.

నాలుగు రోజులకు పెద్దసారు రమణ కేకేశాడు. లిస్టు మీద ఉన్నది సుమలత పేరు.

“‘పెద్ద’ అని ఊరు యాడుండాదమ్మా? ‘తిప్పసముద్రం’ ఏం పంట? కూరకా, పచ్చడికా? కుప్పం గోడౌన్లో ఆ ఊరి విత్తనాలే కట్టలేదు. రేపట్నించి నువ్వు రావద్దు.”

గౌతమ్‌కు తన తప్పు తెలిసింది. నోరు తెరిస్తే తన పని పోతుంది. తెరవకపోతే ఆమెది.

“సార్,” అన్నాడు. “ఆయమ్మ సరిగ్గానే కొట్టింది. తప్పు నాది. ముందు చీల్చి, ఆపైన పేరు మార్చాల్సింది.”

రమణ లిస్టు అతని ముందుకు తోశాడు.

“పొద్దున్నే కుప్పం పోయి కట్టించు. ఒక్క పేరు తప్పినా ఇద్దరూ ఇంటికే.”

బయట తుంపర. సుమలత గొడుగు విప్పలేదు.

“నీ తప్పేనని తెలుసు నాకు. చెప్తావా లేదా అని సూస్తాంటి.”

“ఇంకోటి చెప్పాల. నువ్వంటే ఇష్టం. నువ్వు టీకి పిలిస్తే ఎర్ర అక్షరాలు గూడా కనపళ్లా.”

ఆమె తల తిప్పుకుంది. “కుప్పానికి నేనూ వస్తానేమో. మాయమ్మనడగాల.”

మరునాడు ఉదయం గౌతమ్ మొదటి బస్సెక్కి, కుప్పానికి రెండు టికెట్లు అడిగాడు.

“రెండో మనిషి యాడప్పా?” అన్నాడు కండక్టరు.

“పుంగనూరులో ఎక్కుతుందన్నా.”

“ఆడోళ్లకు టికెట్టు ఉత్తదే కదా, దుడ్డెందుకు? ఎక్కనీ, అప్పుడు కొడతాలే. ఎక్కుతుందా?”

గౌతమ్ పక్క సీటు మీద సంచీ పెట్టాడు.

పుంగనూరు స్టాండులో సుమలత ఉంది. పక్కన వాళ్లమ్మ చెంగమ్మ. కిటికీలోంచి క్యారియరు అందించింది.

“ఇద్దరికీ కట్టినాను. పడిశం పట్టకుండా తీసుకురాప్పా దాన్ని.”

గౌతమ్ పక్క సీటు మీది సంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.