పన్నెండు దాటిన నిమిషం

ఏజెంట్ ఏబెల్‌ను చంద్రగిరి రోడ్డులో జీపు ఆపి మరీ కాల్చి చంపారు. రాడార్ విడిభాగంతో అతను ఆ దారిన వస్తున్నాడని గూఢచారి డిపార్ట్‌మెంటులో ఐదుగురికే తెలుసు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఏబెల్ చెల్లెలు, తనూ ఏజెంటే అయిన నిస్సీ ఆ మాట ఒప్పుకోలేదు.

"సొంత మనిషి కేసు. నీకియ్యకూడదు," అన్నాడు చీఫ్ గిరిప్రసాద్.

"ఇయ్యకున్నా ఇడిసిపెట్టను సార్. మా అన్నను సంపించినోళ్ల అంతు సూడాల."

"వాళ్లు ప్రాణాలతో కావాల. శుక్రవారం ఇంకో బండి బయల్దేరతాది."

తిరుపతిలో ట్రావెల్స్ బోర్డు వెనక నడిచే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో నిస్సీ మారుపేరుతో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరింది. నూనె జడ, లావు కళ్లద్దాలు, బిక్కమొహం. బండ్ల రూట్లన్నీ అక్కడి ప్రోగ్రాంలోనే ఉంటాయి. అందరికీ ఒకటే లాగిన్, ఎవరు వాడారో తెలీదు. చేరిన పూట సంతకం పెట్టబోతే సీనియర్ ఏజెంట్ రేవతి, పట్టుచీర రెపరెపలతో అత్తరు ఘుమఘుమలతో వచ్చి, చెయ్యి పట్టుకుని ఆపింది.

"రాహుకాలం పోనీ పాపా. ఆనక పెడుదువులే."

ఎంత మంచి అక్క అనుకుంది నిస్సీ.

నిస్సీ ఆయుధం రిఫ్లెక్షన్. నడుస్తున్న ప్రోగ్రాం తన కడుపులో ఏముందో తానే చూసుకునే విద్య అది. ఏ పని చేసే మెథడ్‌ను ఎప్పుడు పిలిచారు, దానికి ఏ వివరాలు పారామీటర్లుగా అందాయి, అన్నీ లాగ్‌లో పడేలా చిన్న కోడ్ పెట్టి, ఎరగా ఉత్తుత్తి బండ్లు ఎక్కించింది. మూడు రోజుల్లో గుట్టు బయటపడింది. 'వాతావరణం' అనే మెథడ్‌కు బండి నంబరు, దారి అందుతున్నాయి. వాన కబురుకు బండి నంబరెందుకు? అక్కణ్ణించి అవి విదేశీ ముఠాకు పోతున్నాయి.

వేళలు చూసింది. సోమవారం తొమ్మిది దాటి ఒక నిమిషం. మంగళవారం నాలుగున్నర దాటి ఒక నిమిషం. బుధవారం ఒకటిన్నర దాటి ఒక నిమిషం. ఏ రోజుకారోజు రాహుకాలం పోయిన మరు నిమిషమే!

చేరిన పూట తన చెయ్యి పట్టుకుని ఆపింది ఎవరో నిస్సీకి గుర్తొచ్చింది. అన్న చావుకు కూడా మంచి గడియ చూసిందన్నమాట, మహాతల్లి!

శుక్రవారం రాహుకాలం పన్నెండు దాకా. రేవతి గడియారం చూస్తూ గోళ్లకు రంగు వేసుకుంటోంది. పక్క సీట్లో నిస్సీ కోడ్ తిరగరాస్తోంది. పారామీటర్ లోపలికి పోకముందే అసలు బండి పోయే శ్రీకాళహస్తి రోడ్డు తీసేసి, తిరుచానూరులో చీఫ్ మనుషులు కాచుకున్న గోడౌన్ చిరునామా పెట్టాలి. మొదటిసారి ఎర్రర్ వచ్చింది. సరిచేసి రన్ కొట్టేసరికి పన్నెండు. మరు నిమిషంలో రేవతి ఎంటర్ నొక్కింది.

అరగంటకు చీఫ్ ఫోన్ చేశాడు. "ముఠావోళ్లు నలుగురు తుపాకులతో దొరికినారు. బండి సేరిపోయింది."

నిస్సీ కళ్లద్దాలు తీసేసింది. చెయ్యి బ్యాగులోని పిస్టల్ మీద పడింది. అన్న మొహం గుర్తొచ్చి, కాల్చేయాలనే అనిపించింది. వద్దు. ఒక్క గుండుతో పోతే దీనికి సుఖం. పిస్టల్ వదిలి బేడీలు తీసింది.

రేవతి మొహం పాలిపోయింది. "ఎవురే నువ్వు?"

"ఏబెల్ చెల్లెల్ని. జైల్లో రోజూ కొంచెం కొంచెంగా సావాల నువ్వు." బేడీ క్లిక్కుమంది. "దిగులు పడాకక్కా. రాహుకాలం పోయినాకే ఏస్తాండా."