కదలని నీళ్ళు, రెండో వైపు

నవంబరులో వెర్చెల్లి వరిపొలాల మీద పొగమంచు దిగిందంటే ఇక అంతే, వారం రోజులు సూర్యుడి మొహం చూడక్కర్లేదు. ఆ ఊరివాళ్ళు దాన్ని తిట్టుకుంటూనే పెరుగుతారు, తిట్టుకుంటూనే ముసలివాళ్ళవుతారు. ఆ ఆదివారం మధ్యాహ్నం కొర్రాదో మాత్రం తిట్టుకోలేదు. బియ్యం మిల్లుకి సెలవు. పొయ్యిలో కట్టెలు చిటపటలాడుతున్నాయి. బల్ల మీద ఎర్ర వైను సీసా, పక్కన నిన్ననే తూరిన్ సంతలో దొరికిన పాత రికార్డు. దానికోసం అతను కాళ్ళరిగేలా తిరిగాడు. భార్య ఎర్సీలియా ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి, కాలవ గట్టు మీదుగా సైకిలు తొక్కుకుంటూ దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరుతుంది. ఈలోగా రెండు వైపులూ వినేయొచ్చని అతని ఆశ.

రికార్డు పేరు ‘కదలని నీళ్ళు’. ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఇటలీ అంతా వెర్రెత్తిపోయిన రోజుల్లో ఈ ఊరి కుర్రాళ్ళే ‘జెల్సో’ అనే బృందంగా చేరి చేసిన ఒకే ఒక్క రికార్డు అది. కొన్నవాళ్ళకంటే వాయించినవాళ్ళే ఎక్కువని ఊళ్ళో వెక్కిరించేవారు. అందులో డ్రమ్స్ వాయించిన అమెదేయో ఇప్పుడు ట్రాక్టర్లు బాగుచేసుకుంటూ పక్కింట్లోనే ఉంటున్నాడు. కబురు పెట్టగానే వచ్చి పొయ్యి దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

“నా దగ్గరే లేదురా తమ్ముడూ ఇది. మా ఆవిడ జున్ను గిన్నె మీద మూతగా పెట్టి పాడుచేసింది,” అన్నాడు అట్టని తిప్పి చూసుకుంటూ.

మొదటి వైపు మొదలైంది. వేణువు, ఆ తర్వాత గిటారు, మళ్ళీ వేణువు.

“పాట ఎప్పుడొస్తుందన్నా?”

“ఇదే పాట! కంగారుపడకు, మీ ఆవిడ వచ్చేలోపు మాటలొస్తాయిలే.”

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. రెండో వైపు తిప్పాక మాత్రం అమెదేయో నవ్వలేదు.

ఆ వైపు చర్చి గంటతో మొదలైంది. ఒక దెబ్బ... చాలాసేపు నిశ్శబ్దం... ఇంకో దెబ్బ. కొర్రాదో గుర్తుపట్టాడు. పొగమంచులో మనిషి ఇల్లు చేరకపోతే ఆ ఊళ్ళో కొట్టే గంట అది. కొట్టేవాడు ప్రతి దెబ్బకీ తప్పిపోయిన మనిషి పేరు పలకాలి. ఆ మనిషి గడప లోపల కాలు పెట్టేదాకా ఆపకూడదు. చిన్నప్పుడు అతన్ని కూడా ఒకసారి ఆ గంటే ఇంటికి చేర్చింది.

“ఇదెవరికోసం?”

“ఫియొరెన్సో కోసం. మా ఆర్గాన్ వాయించేవాడు,” అన్నాడు అమెదేయో. “మేం చర్చి పక్క గదిలో రికార్డు చేస్తున్నాం. వాడు రాలేదు. గంట మొదలైంది. చప్పుడు బాగుందని మైకు కిటికీలో పెట్టాం. వాడింక రానేలేదు. కాలవంతా గాలించారు, చొక్కా గుండీ కూడా దొరకలేదు. ఇదిగో విను, ఇక్కడ వాడి ఆర్గాన్ రావాలి. ఇంకెవరిచేతా వాయించబుద్ధి కాక ఖాళీగా వదిలేశాం.”

గంట వెనక డ్రమ్ములు మెల్లగా నడుస్తున్నాయి. మధ్యలో ఆ ఖాళీ ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టే ఉంది.

కొర్రాదో గడియారం చూశాడు. దీపాలు పెట్టే వేళ దాటిపోయి చాలాసేపైంది. కిటికీ తెరిస్తే ఎదురుగా ఉండాల్సిన గేటు కూడా కనబడలేదు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడటం లేదు. ఆసుపత్రికి ఫోను చేశాడు. ఎప్పుడో బయల్దేరిందన్నారు.

“గంట కొట్టిద్దాం, పద.”

“ఏ గంట? మరమ్మతుకని కిందికి దించి నెలైంది కదా.”

కొర్రాదో స్పీకర్లు రెండూ ఎత్తి కిటికీలో పెట్టి, చీకట్లోకి తిప్పాడు.

“వద్దురా. అది వాడి పేరు మీద కొట్టిన గంట,” అన్నాడు అమెదేయో.

“గంటకి పేర్లు తెలుస్తాయా అన్నా? ఎర్సీలియాకి చప్పుడు వినబడితే చాలు!”

శబ్దం ఉన్నంతా పెంచాడు. గంట పొలాల మీదికి వెళ్ళింది. ఒక దెబ్బ... ఇంకో దెబ్బ... అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

ముందు వాసన వచ్చింది. కాలవ అడుగున కుళ్ళిన బురద వాసన.

తర్వాత గేటు కిర్రుమంది.

“ఎర్సీలియా?”

అడుగులు... తడి బూట్లు నీళ్ళు కక్కుతున్న చప్పుడు... మెట్ల దాకా వచ్చాయి. తలుపు గడియ దానంతటదే లేచింది. తలుపు తెరుచుకుంది.

ఎవరూ లేరు.

గడప లోపల మాత్రం నేల మీద నీళ్ళ మరక. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి, స్పీకర్ల వైపు...

అప్పుడు ఖాళీ వదిలేసిన చోట ఆర్గాన్ మోగింది.

అమెదేయో కుర్చీ పట్టుకుని లేచాడు. “వాడే,” అన్నాడు గొణుగుతున్నట్టు. “ఎడమ చెయ్యి కాస్త వెనకబడుతుంది... ఎప్పుడూ అంతే...”

కొర్రాదో రికార్డు మీంచి సూది ఎత్తేశాడు. ఆర్గాన్ ఆగలేదు.

అతనికి భయం వేసింది. కానీ బయట ఎర్సీలియా ఉంది, ఆ భయం ముందు ఇదెంత? గోడకి వేలాడుతున్న బూరెలమూకుడంత పెద్ద రాగి గిన్నె లాగి, గరిటెతో సహా అమెదేయో చేతిలో పెట్టాడు. “గుమ్మంలో నిలబడి కొట్టన్నా. మా ఆవిడ పేరు చెప్పి కొట్టు. ఆపకు.”

“ఎర్సీలియా... ఎర్సీలియా...” ప్రతి దెబ్బకీ పలికాడు అమెదేయో.

కొర్రాదో కాలవ వైపు పరిగెత్తాడు. గట్టు మీద ఆమె సైకిలు చేతికి తగిలింది. పడిపోలేదు, స్టాండు వేసి ఉంది. గొంతు చించుకుని పిలిచాడు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక ఇంటి నుంచి గిన్నె మోగుతోంది. మోగుతోంది...

ఆగింది.

వచ్చేసింది! మనిషి వస్తేగాని ఆపరు. ఏడుస్తూ, నవ్వుతూ, పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తాడు. పొయ్యి ముందు ఎర్సీలియా కూర్చుని ఉంది. జుట్టంతా నీళ్ళోడుతోంది. అతన్ని చూసి నవ్వింది. అతను మోకాళ్ళ మీద కూలబడి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి. ఉండవా మరి, అంత మంచులో వచ్చిన మనిషివి! ముద్దులు పెట్టుకున్నాడు, తిట్టాడు, దుప్పటి కప్పి మళ్ళీ చేతులు పట్టుకున్నాడు. ఆర్గాన్ ఎప్పుడాగిందో కూడా అతనికి తెలియలేదు.

అమెదేయో గుమ్మం వదిలి కదల్లేదు.

“తలుపు వెయ్యన్నా, చలి!”

“ఉష్... విను.”

బయట, కాలవ అవతల నుంచి, అలిసిపోయిన గొంతు ఒకటి వినిపించింది.

“కొర్రాదో... ఎందుకు ఆపేశారు? దారి తెలియట్లేదు... ఇంకొంచెం కొట్టండి...”

అది ఎర్సీలియా గొంతే. అతని చేతుల్లో ఉన్న చేతులు మెల్లగా బిగుసుకున్నాయి.