పిచ్చుక వంచిన చెక్క

"నాన్నా, నానిందా?"

"లేదు."

"ఇప్పుడో?"

"ఇప్పుడే కదమ్మా అడిగావు."

పిచ్చుక మళ్లీ తొట్టిలోకి తొంగిచూసింది. నీళ్ల అడుగున రెండు సన్నని చెక్క బద్దలు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. పైకి తేలకుండా నాన్న వాటి మీద ఒక రాయి పెట్టాడు.

ఆ అమ్మాయికి మంచి పేరే ఉంది. కానీ బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తురాదు. ఒక్కచోట కాలు నిలవదని అందరూ పిచ్చుక అనే పిలుస్తారు.

నాన్న మాండలిన్లు తయారుచేస్తాడు. ఇంట్లో ముందు గదే ఆయన పనిగది. ఇప్పుడు చేస్తున్నది అమ్మ మాండలిన్. పైపలక, వెనకపలక తయారై గోడకు ఆనుకుని ఉన్నాయి. ఆ రెంటినీ కలిపే పక్క చెక్కలే మిగిలాయి. నానిన బద్దని కరెంటుతో వేడెక్కే ఇనుప గొట్టం మీద మెల్లగా వంచి, అచ్చులో బిగించాలి. అది ఆ వంపులోనే ఆరాలి.

అమ్మ ఓడలో నర్సు. వెళ్లేముందు కలప దుకాణంలో ఈ చెక్కని తనే ఏరింది. "నేనొచ్చేసరికి ఇది సిద్ధంగా ఉండాలి" అని నాన్నతో అంది.

పిచ్చుక ఆ మాటని తిరగేసి దాచుకుంది. ఇది సిద్ధమైతే అమ్మ వచ్చేస్తుంది.

కానీ మొన్న ఫోన్లో అమ్మ, సెలవు ఇంకా దొరకలేదని చెప్పింది. అమ్మ దుప్పటి కప్పుకుంటే ఇదివరకు అమ్మ వాసన వచ్చేది. ఇప్పుడు ఎంత పీల్చినా దుప్పటి వాసనే వస్తోంది.

నాన్న గొట్టం స్విచ్ ఆపేసి, బాగుచేసిన వయొలిన్ పెట్టెని చంకన పెట్టుకున్నాడు.

"పాటల మాస్టారికి ఇది ఇచ్చేసి వస్తాను. బద్దలు ఇంకాస్త నానాలి. నేనొచ్చేదాకా గొట్టం జోలికి వెళ్లకు."

"ఊఁ" అంది పిచ్చుక.

నాన్న చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. తర్వాత ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. గోడకు ఆనుకున్న పలకలు తన వైపే చూస్తున్నట్టు అనిపించాయి.

పిచ్చుక నాన్న చేసినట్టే గొట్టం మీద ఒక నీటి చుక్క వేసింది. చుయ్ మని గట్టిగా చప్పుడు రావాలి. చుక్క బద్ధకంగా కాసేపు ఉడికి ఆరిపోయింది. అయినా వేడి ఉన్నట్టే కదా అనుకుంది.

రాయి తీసి, ఒక బద్ద పట్టుకుని గొట్టానికి ఆనించింది. వంచింది. అది వంగలేదు. ఇంకాస్త నొక్కింది. వంగినట్టే వంగి, ఫట్ మంది.

పిచ్చుక చేతుల్లో రెండు ముక్కలున్నాయి.

ఏం చేయాలో తోచలేదు. ముక్కలు రెండూ కలిపి, మళ్లీ నీళ్లలో పెట్టి, పైన రాయి పెట్టింది. గది మూలన కూర్చుని లెక్కల పుస్తకం తెరిచింది. అది తలకిందులుగా ఉందన్న సంగతి చూసుకోలేదు.

నాన్న వచ్చి చేతులు కడుక్కుని రాయి తీశాడు. ఒక బద్ద పూర్తిగా వచ్చింది. రెండోది సగమే వచ్చింది. మిగతా సగం కోసం నీళ్లలో చెయ్యి పెట్టి వెతికాడు. రెండు ముక్కల్నీ తుడిచి బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు.

తిట్టి ఉంటే పిచ్చుక హాయిగా ఏడ్చేది.

"వేరే చెక్క ఉందిగా నాన్నా?" అంది చివరికి.

"ఉంది. కానీ ఇవి రెండూ ఒకే పలకలోంచి కోసినవి. అద్దంలో చూసినట్టు ఒకదాని చారలు ఒకదానికి సరిపోతాయి. అమ్మ ఏరిన పలకలో ఇంక ముక్క లేదు."

పిచ్చుక తల దించుకుంది.

"ఎందుకమ్మా అంత తొందర?"

"ఇది అయిపోతే అమ్మ వచ్చేస్తుందని."

నాన్న ఆ రెండు ముక్కల్నీ విరిగిన చోట కలిపి చూశాడు.

"అమ్మ రాక దీని చేతిలో లేదు తల్లీ. ఉంటే నేనెప్పుడో పూర్తి చేసేవాణ్ణి." ముక్కల్ని పక్కన పెట్టాడు. "నిజం చెప్పనా? నేను కావాలనే నెమ్మదిగా చేస్తున్నాను. ఇది అయిపోతే, అమ్మ కోసం చేసే పని ఇంకేమీ మిగలదు నాకు."

పిచ్చుక తలెత్తింది. ఎదురుచూసేది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్లూ. వెళ్లి నాన్న పక్కనే స్టూలు అంచున కూర్చుంది. ఆయన కాస్త జరిగి చోటిచ్చాడు.

మర్నాడు పిచ్చుక బడి నుంచి వచ్చేసరికి ఒక పక్క చెక్క అచ్చులో బిగించి ఉంది. తొట్టిలో కొత్త బద్ద నానుతోంది. దాని రంగు కాస్త లేత. చారలు వేరు.

"చేతులు కడుక్కుని రా. దీన్ని నువ్వే వంచాలి" అన్నాడు నాన్న.

"మళ్లీ విరిగితే?"

"పక్కనే ఉంటాగా."

నీటి చుక్క ఈసారి చుయ్ మని ఎగిరిపోయింది. నాన్న పిచ్చుక చేతుల మీద తన చేతులు వేశాడు. బద్దని గొట్టం మీద అటూ ఇటూ మెల్లగా ఊపించాడు. ఆవిరి లేచింది. తడి చెక్క వాసన గదంతా నిండింది.

"నొక్కకు. ఆనించి ఉంచు చాలు. మెత్తబడితే చేతికే తెలుస్తుంది."

కాసేపటికి ఆయన చేతులు తీసేశాడు. పిచ్చుక తీయలేదు. కాళ్లు కదలాలని చూశాయి. వేళ్లు మాత్రం బద్దని వదల్లేదు.

అప్పుడే ఫోన్ మోగింది. నాన్న తీసి స్పీకర్ పెట్టాడు.

"పిచ్చుకా" అంది అమ్మ. వెనక ఓడ ఇంజన్ హోరు.

పిచ్చుక ఒళ్లంతా ఆ గొంతు వైపు లాగేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మా, కాసేపు ఉంటావా? చేతిలో చెక్క ఉంది. వదిలేస్తే పాడైపోతుంది."

"ఉంటానమ్మా" అంది అమ్మ.

ఇంజన్ హోరు అక్కడ, ఆవిరి చప్పుడు ఇక్కడ. ఉన్నట్టుండి చెక్క బెట్టు వదిలినట్టయింది. వేళ్ల కింద మెల్లమెల్లగా వంగి, గొట్టం చుట్టూ ఒదిగింది. నాన్న అచ్చు అందించాడు. ఇద్దరూ కలిసి క్లాంపులు బిగించారు.

అప్పుడు పిచ్చుక చేతులు గౌనుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. ఎప్పుడూ మొదట అడిగేది, ఎప్పుడొస్తావని. అది నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"అమ్మా, నువ్వు ఏరిన చెక్కలో ఒకటి నేను విరగ్గొట్టాను" అంది. "ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్తాను, విను."