పెద్దక్క పేరున్న చీటీ

ఆ శనివారం పొద్దున ఇంట్లో నలుగురు ఉన్నారు. ప్రార్థన గదిలో చాప మీద అవ్వ సువార్తమ్మ, ఆమె పక్కన అమ్మ విమల, డ్యూటీ చొక్కా వేసుకుని మాటిమాటికీ వాచీ చూసుకుంటున్న నాన్న సురేశ్, గోడకు ఒదిగి కూర్చున్న పదహారేళ్ల సంధ్య. పేరుకు నలుగురే గానీ, ఐదో మనిషి కూడా ఉన్నట్టే. నెల రోజులుగా పెద్దక్క పేరు తలవకుండా ఆ ఇంట్లో ఎవరూ కాఫీ తాగలేదు.

మడివాళలోని వాళ్ల తెలుగు చర్చి సంఘం నెల కిందట ఒక తీర్మానం చేసుకుంది. చుట్టుపక్కల దిక్కులేని వాళ్ల పేర్లు చీటీల మీద రాశారు. ఒక్కో కుటుంబం ఒక్కో చీటీ తీయాలి, ఆ మనిషి బాగోగులు చూడాలి. సంఘపెద్ద కాబట్టి నాన్నే అందరికంటే ముందు తీశాడు. 'పెద్దక్క, కూలిపని, కాలు విరిగింది' అని ఉంది. ఆ మర్నాటి నుంచి ఆమె కాలు కోసం రోజుకొకరు వంతున ప్రార్థన మొదలైంది. అవ్వ బుధవారాలు ఉపవాసం కూడా ఉంది. రెండు వీధుల అవతల, బిల్డింగు కడుతున్న చోట ఉన్న పెద్దక్క షెడ్డుకు మాత్రం ఎవరూ వెళ్లలేదు.

"ఈ పొద్దు సంధ్య వంతు," అంది అవ్వ.

సంధ్య గోడకు ఇంకాస్త ఒదిగింది. పదో తరగతి దాకా ఊళ్లో అమ్మమ్మ దగ్గర చదివి మొన్నమొన్ననే వచ్చిన పిల్ల. ఇంట్లోవాళ్ల ముందు కూడా గట్టిగా మాట్లాడదు.

"నాకు రాదవ్వా."

"దేవుడేమన్నా పరీక్ష పెడతాండాడా నీకు? కానీ."

"క్విక్‌గా కానీమ్మా. వైట్‌ఫీల్డ్ బస్సు పోతాది," అన్నాడు నాన్న.

సంధ్య కళ్లు మూసుకుంది. "ప్రభువా, పెద్దక్క కాలు నయమైంది."

"స్తోత్రం!" అంది అవ్వ అలవాటుగా. మరుక్షణం కళ్లు తెరిచింది. "ఏమంటివే?"

సంధ్య కళ్లు తెరవలేదు. తెరిస్తే ఇక మాట రాదని ఆమెకు తెలుసు.

"నయమయ్యి రెండు వారాలంట. నిన్న నేను చూసినా. మిగిలిన ఇటుకలు లారీకి ఎత్తుతాంది. బిల్డింగు అయిపోయిందని వాళ్ల షెడ్డు పీకేసినారు. కూతురు కావ్యకు కాన్పయి పదిరోజులు. గోడవార టార్పాలిన్ కింద పండుకుంటాండారు. ఈ గది మాకు కావాల్సింది పొద్దున అరగంటే కదా ప్రభువా. మా నాయనకు చెప్పు. ఆమెన్."

అమ్మ చటుక్కున కళ్లు తెరిచింది.

"ఇదేం ప్రార్థనే? నాయన మీద చాడీలు చెప్పినట్టుండాది," అంది అమ్మ.

"తెచ్చి ఈడ పెట్టమంటావా? ఆదివారం సాయంత్రం ప్రార్థన కూటం యాడ పెట్టుకోవాల? ఇంటి ఓనరుకు ఏం చెప్పేది?" నాన్న గొంతు పెరిగింది.

"ప్రతివారం చర్చిలో లేచి, మా చీటీ మనిషి బాగుండాది అని చెప్తావు కదా నాయనా. ఒక్కసారన్నా పోయి చూసినావా?"

"నోరు మూస్కో! ఊర్నించి వచ్చి నాలుగు నెల్లు కాలేదు, నాకు నేర్పిస్తాండావా?"

సంధ్య కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అయినా లేచి వెళ్లలేదు.

"పదిరోజుల బిడ్డనా?" అవ్వ మెల్లగా అడిగింది.

"ఔనవ్వా. ఆడబిడ్డ."

అవ్వ ముందు నవ్వింది. "నేను పస్తులుండి అడిగింది నయమైపోయిన కాలు కోసమా!" అంతలోనే ఆ నవ్వు వణికింది. "నేను మానేసిన ఆ ముద్దన్నా తీసకపోయి బాలింతకు పెట్టింటే..." కొంగుతో ముఖం తుడుచుకుంది. "సురేశా, చాప ఎత్తు."

"అమ్మా, బస్సు..."

"పోనీరా. మీ కూటం మేడమీద పెట్టుకోండి. గాలికి నిద్రన్నా రాకుండా ఉంటాది."

నాన్న వంగి చాప చుట్టాడు. తర్వాత ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు చెప్పాడు. సంధ్య వైపు చూడకుండానే, "చీటీ తీసింది నేను. నేనే పోయి పిల్చుకొస్తా. ఇల్లు చూపిద్దువు, రా," అన్నాడు.

"ఇల్లు లేదు నాయనా."

"అదే... గోడ," అన్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

గంట తర్వాత పెద్దక్క మూటతో గడప దగ్గరే ఆగిపోయింది. వెనక బిడ్డతో కావ్య. నుదుట పెద్ద బొట్టున్న పెద్దక్క, గోడమీది సిలువ కేసి భయంగా చూసింది.

"అమ్మా, మీ దేవునికి మేం మొక్కాల్నా?"

"నువ్వు ఎవురికి మొక్కుకుంటావో నీ ఇష్టం తల్లీ. ముందు బాలింతను పండుకోనీ," అంటూ అవ్వ ఆమె చేతిలోని మూట అందుకుంది.

సంధ్య వేణ్నీళ్లు కాచి తెచ్చి, బిడ్డ ముఖం చూద్దామని గదిలోకి తొంగిచూసింది. అవ్వ గిన్నె లాక్కుంది.

"పాలు తాగుతాంది, దిష్టి పెట్టొద్దు. మాట్లాడకుండా సుమ్నె అట్ల పోయి మీ నాయనకు కాఫీ ఇయ్యిపో, పాపం ఏడుస్తాండాడు," అని సంధ్య ముఖం మీదే తలుపు మూసేసింది.