ముందు నాకు తియ్యండి

పొయ్యి మీంచి దించిన గంజి కుండ అత్త కాలు తగిలి ఒలికిపోయింది... పాకుతున్న పసిదానికి జానెడు దూరంలో! సుస్మిత ఒక్క ఉదుటున పిల్లను లాక్కుని గుండెలకు హత్తుకుంది. అత్త పెద్దతల్లి మాత్రం పిల్ల ఏడుపు ఎటు నుంచి వస్తోందో తెలియక గాలిలో చేతులాడిస్తూ నిలబడిపోయింది. కోడలు కాపురానికి వచ్చేనాటికే ఆమె చూపు మసకబారింది. ఇప్పుడు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, ఇంట్లో మనుషులంతా నీడలైపోయారు.

వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రం ఒడ్డున వాళ్ల ఇల్లు. కొడుకు ఢిల్లీరావు గుజరాత్ బోట్లలో వేటకు పోయాడు. ఒకప్పుడు కంటి ఆపరేషనంటే విశాఖ దాకా పోవాల్సి వచ్చేది. ఇప్పుడు కాశీబుగ్గలో ధర్మాసుపత్రి తెరిచారు, వ్యాను ఊళ్లోకే వస్తోంది, పైసా ఖర్చు లేదు. అయినా పెద్దతల్లి కదిలితేగా! వ్యాను హారన్ వినబడితే చాలు, తడుముకుంటూ వలల పాకలో దూరేది.

కత్తికి కాదు ఆవిడ భయం. ఆపరేషనుకు ముందు నెత్తురు తీస్తారు... అదీ! ఆమె పెనిమిటి పోలారావు కాలిలో ముల్లు దిగిందని ఆసుపత్రికి పోతే నెత్తురు తీశారు, కిడ్నీలు పోయాయన్నారు. ఏడాది తిరక్కుండానే మనిషి లేడు. అప్పటినుంచీ, నెత్తురు తీయించుకుంటేనే ఆ జబ్బు వస్తుందని ఆవిడ గట్టిగా నమ్మింది. కిడ్నీ జబ్బు పీడించే ఈ ఉద్దానంలో ఏ గడప తొక్కినా ఇలాంటి కథే వినబడుతుంటే ఆమెను తప్పుపట్టడానికి మనమెవరం?

గంజి ఒలికాక మాత్రం సుస్మిత వినలేదు. పిల్లను చంకనేసుకుని, అత్త చెయ్యి పట్టుకుని వ్యానెక్కించింది. తీరా ఆసుపత్రిలో స్పిరిట్ వాసన తగలగానే పెద్దతల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది. నర్సు ఎంత బతిమాలినా ఇవ్వలేదు. అప్పుడు సుస్మిత తన చెయ్యి చాపింది.

"ముందు నాకు తియ్యండి సిస్టర్. అత్తా, నా సెయ్యి పట్టుకొని కూకో. నాకేటీ అవకపోతే నువ్వూ తీయించుకోవాల."

కోడలి మణికట్టు పట్టుకుని కూర్చున్న పెద్దతల్లి, కాసేపటికి తనూ చెయ్యిచ్చింది. నర్సు ఇద్దరి నెత్తురూ పరీక్షకు పంపింది.

మధ్యాహ్నం డాక్టరు పిలిచాడు. పెద్దతల్లికి ఏ జబ్బూ లేదు, రేపే ఆపరేషన్ అన్నాడు. సుస్మిత సంబరంగా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉంది తల్లీ... నీకు."

ఒంట్లో ఒక్క నొప్పి లేదే... చంకలో పాలు తాగే పిల్ల ఉందే! భగవంతుడా, ఇదెక్కడి న్యాయం! కిడ్నీ డాక్టరుకు చూపించాలనీ, తొలిదశలోనే బయటపడింది గనుక మందులతో, పథ్యంతో చాలాకాలం నెట్టుకురావచ్చనీ ఆయన చెబుతూనే ఉన్నాడు. సుస్మితకు ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు.

పెద్దతల్లి ప్రతి మాటా వింది. నెత్తురు తీయబట్టే ఇదంతా అని నెత్తి కొట్టుకుంటుందనీ, ఇంటికి పోదామని గోల పెడుతుందనీ సుస్మిత బెదిరిపోయింది. ఆవిడ లేచి, డాక్టరు గొంతు వచ్చిన వైపు తిరిగి చేతులు జోడించింది.

"మా ఆయనకి ఆఖర్న తెలిసింది బాబూ. దీనికి ముందే తెలిసింది కదా... బేగి నా కన్ను కోసీండి. ఇన్నాళ్లూ ఇది నన్ను నడిపించింది. దీన్ని సూసుకోడానికి నాకు కళ్లు కావాల."

కట్టు విప్పిన రోజు, ఆమె ముందుగా మనవరాలిని ఎత్తుకుంటుందనుకున్నారు వార్డులో వాళ్లంతా. పెద్దతల్లి మంచం దిగింది. వంగకూడదని నర్సు అరుస్తున్నా వినకుండా వంగి కోడలి పాదాలు పట్టుకుంది! సుస్మిత అదిరిపడి వెనక్కి జరిగింది. అత్త కోడలి కాళ్లు పట్టుకోవడమా... ఎంత పాపం!

"కదలకే. మీ మావకి ముందు ఇక్కడే వాపొచ్చింది."

చీలమండ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కి, వేలు తీసి, కొత్త కంటితో అక్కడే చూస్తూ ఉండిపోయింది. గుంట పడలేదు... వాపు లేదు. రెండో కాలూ నొక్కింది. అక్కడా పడలేదు. అప్పుడు తలెత్తి, మొట్టమొదటిసారి కోడలి మొహం తేరిపార చూసింది.

"సక్కగున్నావే," అంది.

అన్నాళ్లూ రాని ఏడుపు సుస్మితకు అప్పుడొచ్చింది.